ఎస్టిమేట్‌లో లేని అరవై మీటర్లు

2023 జూలై ఆఖరి వారంలో పడ్డ వానను ఉత్తర తెలంగాణలో ఎవరూ మర్చిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. వరంగల్, హనుమకొండ కాలనీల్లో జనం మిద్దెల మీద కూర్చున్నారు. మా పట్టణంలో ప్రాణనష్టం లేదు గాని, చెరువు దగ్గరి కాలనీలో రెండు వందల ఇళ్లలోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు, కుట్టు మిషన్లు అన్నీ బురదలో కలిశాయి. వారం తర్వాత వెళ్లినా గోడల మీద నీటి గీత అలాగే ఉంది. ఆ కాలనీకి మోరీ, అంటే నీళ్లు బయటికి పోయే కాలువ, కట్టే పని నా చేతికొచ్చింది. అప్పుడు నేను ఆ మునిసిపాలిటీలో డిప్యూటీ ఇంజనీర్‌ని.

ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. వాళ్లెవరూ ఈ కథలో ఉండాలని కోరుకోలేదు. వరంగల్‌కు గంట, గంటన్నర దూరంలో ఉండే చిన్న పట్టణాల్లో అది ఒకటి అనుకుంటే చాలు. పని కూడా పెద్దదేం కాదు. కోటి రూపాయల మోరీ. కానీ చిన్న పట్టణానికి కోటి అంటే ఆ ఏడాది మొత్తానికి దొరికే పెద్ద పని అదే. అది చెడిపోతే మళ్లీ పదేళ్ల దాకా ఎవరూ పైసా ఇవ్వరు. కొత్తగా చేరిన ఏఈలకు (అసిస్టెంట్ ఇంజనీర్లకు) పనికొస్తుందని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

చేతికొచ్చిన కాగితాలు

వాన తగ్గిన పది రోజులకే ఎస్టిమేట్ తయారైంది. 620 మీటర్ల ఆర్‌సీసీ మోరీ, లోపల 90 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు లోతు, 400 మీటర్లకు ఒక మీటరు వాలు. కాలనీ పైభాగంలో హనుమాన్ గుడి దగ్గర మొదలై మెయిన్ రోడ్డు కల్వర్టు దగ్గర ఆగుతుంది. లెక్క కూడా సరిగ్గానే వేశారు. సుమారు 25 ఎకరాల నీళ్లు దిగుతాయి, గంటకు 50 మిల్లీమీటర్ల వాన అనుకుంటే సెకనుకు ఒక ఘనమీటరు వస్తుంది, ఈ సైజు మోరీ దాన్ని మోస్తుంది. సెప్టెంబరులో టెండర్ అయ్యింది, అగ్రిమెంట్ కూడా అయ్యింది. నేను ఆ సీట్లోకి వచ్చేసరికి మిగిలింది భూమిపూజ తేదీ ఖరారు చేయడమే.

సైటు చూద్దామని ఒక పొద్దున ఒక్కడినే నడిచాను. కల్వర్టు దాకా వెళ్లి అక్కడ ఆగాను. కల్వర్టు అవతల తుమ్మ చెట్లు, చెత్త, ఒక ప్రహరీ గోడ. ఆ వెనకాల ఎక్కడో చెరువు. ఎస్టిమేట్‌లో ఆ భాగం అసలు లేదు. రోడ్డు పక్క అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చెరువు తూము ఎత్తడం, దించడం వాళ్ల తాతల కాలం నుంచి ఆ ఇంటి పని. ఊళ్లో అందరికీ ఆయన నీరటి తాతే.

"తాతా, ఈ కల్వర్టు నీళ్లు యాడికి పోతయి?" అనడిగాను.

"ఇప్పుడు యాడికి పోవు సారూ. ఎన్కట చెరువులకు పోయేటియి. ఆ గోడ కట్టినంక ఆగినయి. రోడ్డు ఎత్తు చేసినప్పుడు ఈ పైపులు గూడ ఎత్తు మీదనే పెట్టిండ్రు. నీళ్లు మీదికెక్కుతయా?"

ఆ ఒక్క మాటతో నాకు టెన్షన్ పట్టుకుంది. మరుసటి రోజు నేల ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్, దానితో వాడే అంకెల కర్ర (స్టాఫ్) పట్టుకుని ఏఈని, వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని తీసుకుని వెళ్లాను. గుడి మొదటి మెట్టు ఎత్తును 100.000 మీటర్లుగా పెట్టుకుని కింది దాకా లెవెల్స్ తీశాం. ఎస్టిమేట్ ప్రకారం మోరీ అడుగు పైన 98.200 దగ్గర మొదలై కల్వర్టు దగ్గర 96.650కి దిగాలి. కల్వర్టు పైపుల అడుగు చూస్తే 96.980. అంటే మోరీ చివర కన్నా పైపు నోరు 33 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. 400కు ఒకటి వాలులో 33 సెంటీమీటర్లంటే 132 మీటర్లు. కాగితం మీద ఉన్నట్టే కట్టి ఉంటే, వాన లేని రోజుల్లో కూడా కింది 130 మీటర్ల మోరీలో మురుగు నిలిచి ఉండేది. కాలనీకి మోరీ పేరుతో ఒక దోమల కుంట కట్టిచ్చేవాళ్లం.

ఎస్టిమేట్ వేసిన వాళ్లను నిందించడం నా ఉద్దేశం కాదు. వారం రోజుల్లో పంపాలి అన్నప్పుడు రోడ్డు మీద లెవెల్స్ తీస్తారు, కల్వర్టు కనబడుతుంది కాబట్టి అక్కడితో ఆపేస్తారు. కల్వర్టు అవతల తుమ్మల్లోకి దిగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. కానీ ఏ మోరీకైనా మొదటి ప్రశ్న నీళ్లు చివరికి ఎక్కడ కలుస్తాయి అనే. కాకతీయుల కాలం నుంచి ఇక్కడ చెరువులన్నీ గొలుసుకట్టుగా కట్టినవే. ఒకదాని మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. మా కాలనీ ఆ దారిలోనే వెలిసింది. చెరువు నిండు నీటి మట్టం మా లెక్కలో 96.100 వచ్చింది. అంటే దారి తెరిచి పైపులు దించితే నీళ్లు వాటంతటవే పోతాయి, మోటార్లు అక్కర్లేదు. ఆ అంకె చూసినప్పుడే నాకు కాస్త ఊపిరాడింది.

రెండు దారులున్నాయి. మోరీనే పైకి ఎత్తి కల్వర్టుకు కలపడం ఒకటి. అలా చేస్తే కింది యాభై ఇళ్ల గడపల కన్నా మోరీ అంచు ఎత్తవుతుంది, ఇళ్ల నీళ్లు అందులోకి రావు. రెండోది కల్వర్టు పైపులను 96.600కు దించి, అవతల చెరువు దాకా 60 మీటర్లు కొత్తగా కట్టడం. ఇది మంచిదే. కానీ రోడ్డు మాది కాదు, రోడ్లు భవనాల శాఖది. అవతల భూమి మీద గోడ ఉంది, ఇళ్ల వెనక బాత్రూములున్నాయి. సుమారు 19 లక్షలు ఎక్కువ కావాలి. పైగా భూమిపూజ తేదీ దగ్గర పడింది.

నేను రాతపూర్వకంగా ఒక నోట్ పెట్టాను. మూడు పేరాలే. మొదటి దాంట్లో లెవెల్స్, రెండో దాంట్లో కట్టేస్తే ఏమవుతుంది, మూడో దాంట్లో ఏం కావాలి. దానితో పాటు ఒక పొడవాటి కాగితం మీద మోరీ వాలు గీసి, నీళ్లు నిలిచే భాగానికి నీలం రంగు వేశాను. మాటల కన్నా ఆ నీలం రంగే ఎక్కువ పనిచేసింది. కౌన్సిలర్‌గారికి మొదట కోపమొచ్చింది. "ఎలక్షన్లొస్తున్నయి, ఇప్పుడు ఆపుతరా?" అన్నారు. ఆయన్ని వెంటబెట్టుకుని కల్వర్టు దగ్గరికి తీసుకెళ్లి స్టాఫ్ ఆయన చేతికే ఇచ్చాను. ఆయనే పెట్టి చూశారు. ఆ తర్వాత ఈ పనికి ఆయన కన్నా ఎక్కువ తిరిగిన వాళ్లు లేరు. చెప్పాల్సింది ఆఫీసు గదిలో కాక సైటు మీద నిలబడి చెప్పడం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

డబ్బు మాత్రం ఎక్కడి నుంచో తీయాలి. పై 80 మీటర్లలో ఉన్న చిన్న సైడు కాలువ ఆ భాగం నీళ్లకు సరిపోతుంది. ఎత్తు మీద ఉంది కాబట్టి జూలైలో కూడా అక్కడ ఇళ్లలోకి నీళ్లు రాలేదు. ఆ భాగం తీసేస్తే పది లక్షల దాకా మిగులుతాయి. కానీ అక్కడి పదహారు ఇళ్ల వాళ్లకు మోరీ వస్తుందని అప్పటికే చెప్పేశారు. గుడి దగ్గర కూర్చుని వాళ్లతో మాట్లాడాను. అందరూ ఒప్పుకోలేదు. ఒకాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. మాటిచ్చి వెనక్కి తీసుకున్నది మా ఆఫీసే.

కింది నుంచి పైకి

మోరీ పని ఎప్పుడైనా నీళ్లు బయటికి పోయే చోట మొదలుపెట్టి పైకి రావాలి. మధ్యలో డబ్బు అయిపోయినా, వాన ముందే వచ్చినా, కట్టినంత మేర పనిచేస్తుంది. పైనుంచి మొదలుపెడితే ఆగిన చోటల్లా నీళ్లు ఊరి మీద పడతాయి. కాంట్రాక్టర్లకు మాత్రం పైనుంచే ఇష్టం. నేల పొడిగా ఉంటుంది, లారీ పోతుంది, మొదటి బిల్లు తొందరగా లేస్తుంది. మా కాంట్రాక్టరు కూడా గుడి దగ్గర జేసీబీ దించి సిద్ధంగా ఉన్నాడు. వద్దన్నాను. "సార్, మిషన్ కిరాయి ఎవరిస్తరు?" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. ఆ ఆలస్యం మా తప్పు వల్ల వచ్చింది కాబట్టి గడువు పెంచేటప్పుడు పెనాల్టీ వేయవద్దని నేనే రాశాను.

అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది. కొత్త మంజూరు ఏదీ రాదు. డిసెంబరు మొదటి వారం దాకా ఎదురుచూడటం తప్ప ఆ విషయంలో చేసేదేం లేదు. ఆ రెండు నెలల్లో కాగితం అవసరం లేని పనులు చేసుకున్నాం. అందులో ఒకటి భూమి కింద ఏముందో చూడటం. ముప్పై మీటర్లకోసారి మనిషి చేత చిన్న గుంత తవ్వించాం, జేసీబీ పెట్టలేదు. మిషన్ భగీరథ తాగునీటి పైపు డ్రాయింగులో రోడ్డుకు ఎడమ పక్కన ఉంది. గుంతల్లో చూస్తే మూడు చోట్ల కుడి వైపుకు దాటింది. ఒక చోట కరెంటు స్తంభం సరిగ్గా మోరీ మధ్యలోకి వస్తోంది. స్తంభం జరపడానికి డబ్బు కట్టి దరఖాస్తు పెట్టడం ఆ రెండు నెలల్లోనే అయిపోయింది. ఈ గుంతలకు మొత్తం పదకొండు వేలు ఖర్చయింది. పని నడిచిన ఐదు నెలల్లో కాలనీకి ఒక్క రోజు కూడా మంచినీళ్లు ఆగలేదు.

రెండోది ఆ అరవై మీటర్లు. రెవెన్యూ సర్వేయరు నక్షా పట్టుకుని గొలుసు లాగితే కాలువ జాడ స్పష్టంగా తేలింది. పలుకుబడి ఉన్న ఒకాయన ప్రహరీ గోడ, నాలుగు పేద ఇళ్ల బాత్రూములు దాని మీదే ఉన్నాయి. అన్నింటి మీద ఒకే రోజు ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టించాను. ఒకే రోజు నోటీసులిచ్చాం. కూల్చేటప్పుడు మాత్రం గోడ ముందు, బాత్రూములు తర్వాత అని ముందే అందరికీ చెప్పాను. పేదోడి రేకుల షెడ్డు ముందు తీసి, పెద్దోడి గోడ దగ్గరికి రాగానే స్టే వచ్చిందని ఆగిపోయే పనులు నా సర్వీసులో చూశాను. అలాంటి చోట జనం మళ్లీ ఇంజనీరు మాట నమ్మరు. గోడ ఆయన వాదించాడు, ఫోన్లు చేయించాడు, చివరికి నక్షా చూసుకుని తానే తీసుకున్నాడు.

బాత్రూముల్లో ఒకటి ఒంటరిగా ఉండే ఒక అవ్వది. నోటీసు చేతికిస్తే చదవలేదు, నా మొహం చూసింది. "తీసుకోరి బిడ్డా, నీళ్ల కోసమే అంటున్నరు గదా. మరి రేపు పొద్దుగాల నేను యాడికి పోవాలె?" అంది. అగ్రిమెంటులో గాని, ఎస్టిమేట్‌లో గాని ఆ ప్రశ్నకు జవాబు లేదు. జాతరలకు వాడే మొబైల్ టాయిలెట్ ఒకటి మా షెడ్డులో ఉంది. కడిగించి, ఆ ఇళ్ల వెనక పెట్టించి, నీళ్ల డ్రమ్ము ఏర్పాటు చేశాకే బాత్రూములు ముట్టుకున్నాం. వ్యక్తిగత మరుగుదొడ్డి పథకం కింద నలుగురికీ కొత్తవి మంజూరు చేయించడానికి మార్చి దాకా పట్టింది. ఆలస్యమే. అయినా అవ్వ గుమ్మం ముందు నుంచి పోయిన ప్రతిసారీ పలకరించి చాయ్ ఇచ్చేది.

18.4

అదనపు మంజూరు జనవరిలో వచ్చింది. వెంటనే చెరువు వైపు నుంచి కాంక్రీటు మొదలైంది. ఎం25 గ్రేడు (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బలం రావాలి), కాంక్రీటు కలిపి పంపే ఆర్‌ఎంసీ ప్లాంటు నుంచి ట్రాన్సిట్ మిక్సర్‌లో వస్తుంది. గోడలు 15 సెంటీమీటర్ల మందం కాబట్టి ఒక లారీ, అంటే 6 ఘనమీటర్లు, 20 మీటర్ల మోరీకి రెండు వైపుల గోడలకూ సరిపోతుంది. బలం పరీక్షించడానికి లారీకి ఆరు క్యూబులు (కాంక్రీటు దిమ్మలు) పోసేవాళ్లం. మూడు ఏడో రోజుకు, మూడు ఇరవై ఎనిమిదో రోజుకు.

జనవరి చివర్లో పోసిన ఒక 20 మీటర్ల ముక్కకు ఏడో రోజు ఫలితం చూసి ఏఈ ఫోన్ చేశాడు. మామూలుగా 16, 17 వచ్చేది 11 దగ్గర ఉంది. ఆ ముక్క మీద స్లాబు పనులు అక్కడే ఆపించాను. 28 రోజులకు సగటు 18.4 వచ్చింది. కాంక్రీటు పనులకు దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం ఎం25కు ఏ ఒక్క శాంపిలూ 22కు తగ్గకూడదు.

ఏమైందో మేస్త్రీ చెప్పాడు. నిజం చెప్పినందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఆ రోజు లారీ రైల్వే గేటు దగ్గర ఇరుక్కుని, బయల్దేరిన మూడు గంటల తర్వాత వచ్చింది. నీళ్లు కలిపిన రెండు గంటల్లో పోసేయాల్సిన కాంక్రీటు అది. గట్టిపడుతుంటే డ్రైవరు డ్రమ్ములోకి పైపు పెట్టి నీళ్లు వదిలాడు. పలచబడ్డాక గోడల్లోకి సులువుగా దిగింది. చూసేవాళ్లకు బాగానే కనబడింది. ఆ గంటలో మా వర్క్ ఇన్‌స్పెక్టర్ ఇంకో సైటు మీద ఉన్నాడు, నేను జిల్లా మీటింగులో ఉన్నాను. లారీని వెనక్కి పంపమని చెప్పే మనిషి అక్కడ లేడు. సైటు రిజిస్టరులో ఆ సంగతి నా చేత్తో రాసి సంతకం పెట్టాను.

కాంట్రాక్టరు కోర్ కటింగ్ (గోడ నుంచే గుండ్రటి ముక్కలు కోసి పరీక్షించడం) చేయించమన్నాడు. అది అతని హక్కు. మూడు కోర్లు తీశాం. సగటు 21.25కు, ఏ ఒక్కటీ 18.75కు తగ్గకూడదు. సగటు 17 దాటలేదు. గోడలు పగలగొట్టమని రాసిచ్చాను. పగలగొట్టిన రోజు ఒక ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. కంకర చుట్టూ సిమెంటు పట్టుకుని లేదు, రాయి పగలకుండా ఊడి వచ్చింది, దాని గుంత అద్దంలా నున్నగా ఉంది. ఆ ముక్కను చాలా రోజులు నా టేబుల్ మీదే పెట్టుకున్నాను. కొత్త ఏఈలు వస్తే చేతికిచ్చి, గోరుతో గీకి చూడమనేవాణ్ని.

ఇక్కడ డబ్బు సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. టెండర్లో ఈ కాంట్రాక్టరు ఎస్టిమేట్ కన్నా 24 పర్సెంట్ లెస్‌కు వేశాడు. 25 దాటితే ఆ తేడాకు అదనంగా బ్యాంకు గ్యారంటీ కట్టాలి, అందుకే చాలామంది దాని అంచున ఆగుతారు. అంత తక్కువకు తీసుకున్నవాడికి మిగిలేది చాలా కొంచెం. దాని మీద మా ఆఫీసు నుంచి మొదటి బిల్లు మూడు నెలలు రాలేదు. అతను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కూలీలకు ఇస్తున్నాడు. ఆలస్యంగా వచ్చిన లారీని తిప్పి పంపితే నష్టం ముప్పై వేల దాకా. అప్పుల్లో ఉన్న మనిషి మేస్త్రీతో ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. తప్పు తప్పే, గోడలు పగలగొట్టించడంలో నాకు సందేహం లేదు. కానీ బిల్లులు ఆపి క్వాలిటీ అడిగే ఆఫీసు కూడా ఆ తప్పులో భాగస్థురాలే. ఆ తర్వాత ప్రతి నెలా 25వ తేదీకి కొలతలు పూర్తి చేసి, బిల్లు అకౌంట్స్‌కు చేరిందో లేదో నేనే వెళ్లి కనుక్కునేవాణ్ని. రెండో బిల్లు ఐదు వారాల్లో వచ్చింది.

పోసే ముందు మా మనిషి సంతకం చేసిన చీటీ లేకుండా లారీ ఖాళీ చేయకూడదని నియమం పెట్టాం. చీటీ మీద నాలుగే సంగతులు. రాడ్ల మధ్య దూరం, రాడ్లు అంచుకు తగలకుండా పెట్టే కవర్ బ్లాకులు, షట్టరింగ్ బిగింపు, లారీ ప్లాంటు నుంచి బయల్దేరిన టైము. తర్వాత రెండు లారీలను వెనక్కి పంపాం.

ఎం.బుక్ (కొలతలు రాసే పుస్తకం) గురించి కూడా ఒక మాట. మట్టిలో, కాంక్రీటులో కప్పబడిపోయే వాటిని కప్పక ముందే కొలిచి రాయాలి. అడుగున వేసే రాడ్లు లేని కాంక్రీటు (పీసీసీ) 10 సెంటీమీటర్లు ఉండాలి. రెండు చోట్ల గునపంతో అంచు తెరిచి టేపు పెడితే 8 వచ్చింది. ఏఈ అప్పటికే 10 అని రాసి ఉన్నాడు. ఎం.బుక్‌లో చెరపడం, దిద్దడం ఉండదు. 10ని ఒక గీతతో కొట్టేసి, పక్కన 8 రాసి, ఇద్దరం తేదీ వేసి సంతకాలు పెట్టాం. కుర్రాడి చెయ్యి వణికింది. కొట్టివేత ఉన్న పుస్తకం చూసి ఎవరైనా ఏమంటారోనని భయం. నిజానికి ఆ కొట్టివేత వల్లే ఆడిట్‌లో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

వీధి మీద

మధ్య భాగంలో ఇరవై దాకా దుకాణాలున్నాయి. "దుకాణం ముంగట తవ్వితే గిరాకీ ఎట్లొస్తది సారూ?" అని మొదటి రోజే అడిగారు. ఒకేసారి 40 మీటర్లకు మించి తవ్వమని, ఏ దుకాణం ముందూ పన్నెండు రోజులకు మించి గుంత ఉండదని మాటిచ్చాను. నడవడానికి ఇనుప ప్లేట్లు వేయించాను. ప్రతి మంగళవారం పొద్దున ఏడింటికి నేనో ఏఈనో వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాళ్లం. ఎవరి ఫిర్యాదైనా అక్కడే విని, మునుపటి వారం చెప్పింది అయిందో లేదో అక్కడే చెప్పాలి. పన్నెండు రోజుల మాట రెండు చోట్ల తప్పాం. ఒక చోట బండరాయి తగిలింది. ఇంకోచోట సెంట్రింగ్ కూలీలు పెళ్లిళ్లకు సొంతూళ్లకు పోయారు. కారణం మంగళవారమే చెప్పేయడంతో గొడవ కాలేదు.

ఏప్రిల్‌లో మాత్రం జరగకూడనిది జరిగింది. పొద్దున్నే పాలు పోసే ఒక పెద్దాయన టీవీఎస్ ఎక్సెల్‌తో సహా గుంతలో పడ్డాడు. మెడ దగ్గరి ఎముక విరిగింది. ఏదో ఇంట్లో ఫంక్షన్‌కు ట్రాక్టరు పోవాలని ముందు రాత్రి బ్యారికేడు పక్కకు జరిపారు, మళ్లీ పెట్టలేదు. కానీ దాన్ని సాకుగా చెప్పుకునే హక్కు మాకు లేదు. రాత్రి కాపలా పెట్టలేదు, ఎర్ర లైటు లేదు. అగ్రిమెంటులో థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అని ఒక లైను ఉంది. పాలసీ కాపీ తెప్పించుకుని చూడని తప్పు నాది. అడిగితే అది ఫిబ్రవరిలోనే అయిపోయిందని తేలింది. ఆస్పత్రి ఖర్చు కాంట్రాక్టరు, మేము పెట్టుకున్నాం. పెద్దాయన ఆరు వారాలు పాలు పోయలేకపోయాడు, ఆ నష్టం పూర్తిగా మేం తీర్చలేదు. ఆ మరుసటి రోజు నుంచి రాత్రి కాపలాకు ఒక మనిషి, ప్రతి పది మీటర్లకు ఎర్ర లైటు పెట్టించాం. ఇప్పుడు నేను ఏ పనికైనా ఇన్సూరెన్స్ పేపరు చూడకుండా సైటు అప్పగించను.

కల్వర్టు పనికి మాత్రం అంతకుముందు కొన్నాళ్లు ఆగాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర. సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయే బండ్లు పది రోజుల ముందు నుంచే మొదలవుతాయి. ఆ రోజుల్లో ఇక్కడి రోడ్లన్నీ జాతర రోడ్లే. జాతర అయ్యాకే రోడ్డు కోయమని రోడ్డు శాఖ అనుమతిలో రాసింది. అది సబబైన షరతు. జనం ఇళ్లకు చేరాక, మార్చి మొదటి వారంలో రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకా ఎనిమిది రాత్రులు పనిచేశాం. రోడ్డు సగం తెరిచి ఉంచి, సగం కోసి, పాత హ్యూమ్ పైపులు తీసి, 38 సెంటీమీటర్లు కిందికి దించి కొత్తవి రెండు వరుసలు వేశాం. మూడో రాత్రి నీరటి తాత చద్దరు కప్పుకుని వచ్చి కూర్చున్నాడు. పైపు దించాక స్టాఫ్ మీద అంకె చదివి వినిపిస్తే, "గిప్పుడు దిగుతయి" అని ఒక్క మాటన్నాడు. మా లెక్క కూడా 96.600 అనే వచ్చింది.

మిగతా పని మే నెల ఎండల్లో అయింది. బూడిద కలిసిన పీపీసీ సిమెంటు వాడిన కాంక్రీటుకు కనీసం పది రోజులు తడి ఆరకూడదు. గోడలకు గోనె సంచులు కట్టి, రోజుకు మూడుసార్లు ట్యాంకరుతో తడిపించాం. తాగే నీళ్లకు కష్టంగా ఉన్న నెలలో గోడలకు నీళ్లు పోస్తున్నారని కొందరు బాధపడ్డారు. చెరువు నీళ్లే వాడుతున్నామని ట్యాంకరు మీద రాయించాం.

వాన

2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాలను ముంచేసింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. మా దగ్గర అంత లేదు గాని రాత్రంతా ఆగకుండా పడింది. తెల్లవారుజామున నాలుగింటికి టార్చి పట్టుకుని కల్వర్టు దగ్గరికి వెళ్లాను. మోరీ అంచుకు ఒక జానెడు తక్కువగా నిండి పారుతోంది. పైపుల్లోంచి నీళ్లు అవతల అరవై మీటర్ల కాలువలో పడి చెరువులోకి పోతున్నాయి. ఆ చప్పుడు వింటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. జూలైలో నడుము లోతు నీళ్లొచ్చిన ఇళ్లలోకి ఆ రాత్రి నీళ్లు రాలేదు.

అలాగని అంతా బాగుందని కాదు. పక్క సందు ఒకటి మోరీ కన్నా పల్లంలో ఉంది. అక్కడ మోకాలి లోతు నీళ్లు మూడు గంటలు నిలిచాయి. ఆ సందు లెవెల్స్ మేం తీయనే లేదు. దుకాణాల ముందు ఇనుప జాలీల్లో ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి చిప్పలు ఇరుక్కుని నీళ్లు రోడ్డెక్కాయి. రెండు చోట్ల గోడల జాయింటు నుంచి ఊట వస్తోంది. అదంతా రాసి కాంట్రాక్టరుకు ఇచ్చాం. డిఫెక్ట్ లయబిలిటీ, అంటే లోపాలు కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు, రెండేళ్లు, 2026 మే దాకా. జాయింట్లు బాగుచేశాడు. సందుకు విడిగా చిన్న ఎస్టిమేట్ వేశాం, ఈసారి నీళ్లు కలిసే చోటు నుంచి.

2023 జూలై లాంటి వాన మళ్లీ పడితే ఈ మోరీ ఆపలేదని కాలనీ మీటింగులో చెప్పాను. గంటకు 50 మిల్లీమీటర్లకు కట్టినది అంతకు రెట్టింపు వానను మోయదు. అప్పుడు ఏ ఇళ్ల వాళ్లు ముందు లేవాలో, స్కూలు బిల్డింగు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఒక కాగితం మీద రాసి గుడి గోడకు అంటించాం. ఆ మాట చెప్పినందుకు కొందరు నొచ్చుకున్నారు. చెప్పకపోతే వాళ్లు బియ్యం బస్తాలు కిందే పెట్టుకుని నిద్రపోతారు.

నేను బదిలీ అయ్యే ముందు కల్వర్టు నోట్లో పది సెంటీమీటర్లకో పసుపు గీత గీయించాను. ఒండ్రు రెండో గీత దాటితే తీయాలి. తీయడానికి ఏటా ఎస్టిమేట్‌లో విడిగా డబ్బు పెట్టమని ఫైల్లో రాశాను, అది ఒక్క ఏడాదికే మంజూరైంది. మొన్న జూన్‌లో నీరటి తాత మనవడి ఫోను నుంచి మాట్లాడాడు.

"సారూ, ఒండ్రు మూడో గీత కాడికొచ్చింది. మీ తర్వాతొచ్చిన సారుకు జెప్పిన. ఎల్లుండి మనుషులను పంపుతనన్నడు."

కొత్త సారుకు నేను కూడా ఫోన్ చేశాను. ఆయన అప్పటికే ట్రాక్టరు మాట్లాడి ఉన్నాడు.